నంబరు లేని తలుపు

పాత ఆసుపత్రిని కమ్యూనిటీ హాలుగా మారుస్తున్నారు. ఊడదీసిన తలుపులన్నీ మళ్లీ వాటి చోటే బిగించాలని ముసలి వడ్రంగి ఒక్కోదాని మీద సుద్దతో నంబరు రాస్తున్నాడు. చూసుకుంటూ వచ్చిన ఇంజనీరమ్మ ముందు మెట్ల దగ్గర ఆనించి ఉన్న ఒక తలుపు దగ్గర ఆగింది.

“దీనికి నంబరు వేయలేదేం, పెద్దాయనా?”

“మళ్లీ బిగించను కాబట్టి.”

“పుచ్చిపోయిందా?”

“పుచ్చినా బాగుండేది. నిక్షేపంలా ఉంది.”

“మరింకేం? చిన్న చెక్క పారేసినా అందరి మీదా కేకలేసేది మీరేగా!”

“మా ఆవిడకి ఆయాసం ఎక్కువైతే ఇక్కడికే మోసుకొచ్చానమ్మా. వేళైపోయిందని ఈ తలుపుకే లోపల గడియ పెట్టుకున్నారు. ఎంత బాదినా తీయలేదు. ఈ మెట్ల మీదే పోయింది.”

“అయ్యో... నాకు తెలీదు.”

“నలభై ఏళ్ల కిందటి మాట. నీకెలా తెలుస్తుంది?”

“పొయ్యిలో పెట్టేయండి. ఎవరైనా అడిగితే నేను చెప్పుకుంటాను.”

“టేకు చెక్కని కాలుస్తావా? ఆ మాట అనడానికి నోరెలా వచ్చింది తల్లీ?”

“మరేం చేద్దామంటారు?”

“కోసి బల్ల చేస్తాను. ఈ మెట్ల పక్కనే వేయించు. వచ్చినవాళ్లు కూర్చుంటారు.”

“అయితే కోపం తగ్గినట్టేనా?”

“లేదు. బల్లకి గడియ ఉండదు, అంతే.”