పలకని పేరుకు మామూలు ధర

నా పేరు సైరాగుల్ మొల్దొకునోవా. వయసు నలభై మూడు. కాపురం బిష్కెక్ నగరం. ఇంటర్నెట్ చిరునామాలు అమ్మే ఒక చిన్న కంపెనీలో ధరలు నిర్ణయించే పని చేస్తాను. ఇంట్లో మా ఆయన, ఇద్దరు పిల్లలు, మామయ్య ఉంటారు. నా మీద వచ్చిన మోసం ఫిర్యాదు గురించి దర్యాప్తు అధికారి తాలాయ్ గారు అడగగా, ఎవరి బలవంతమూ లేకుండా చెబుతున్న సంగతులు ఇవి.

భర్త ఇంటిపేరు ఎందుకు పెట్టుకోలేదని అధికారి మొదటే అడిగారు. ఆ ఇంటిపేరు మామయ్య పేరు మీద వచ్చింది. అది పెట్టుకుంటే బ్యాంకులోనూ ఆస్పత్రిలోనూ నిలబడి మామయ్య పేరు నా నోటితో చెప్పాలి. కోడలు మామ పేరూ, అత్తింటి మగపెద్దల పేర్లూ పలకదు, రాయదు. "ఈ రోజుల్లో కూడానా అక్కా?" అన్నారు అధికారి. ఈ రోజుల్లో వదిలేసిన వాళ్ళు చాలామందే ఉన్నారు, నేను వదల్లేదు. అందుచేత నేను చెప్పే ఈ వాంగ్మూలంలో ఆయన పేరు రాదు. అధికారి రెండుసార్లు కలం కింద పెట్టేశారు. అయినా రాదు.

కిందటి నెల మా కంపెనీ .టోయ్ అనే కొత్త ఎక్స్‌టెన్షన్‌ను విడుదల చేసింది. చిరునామా చివర .కామ్ ఉన్నట్టే ఇదీ ఒక తోక. పెళ్ళికీ, ఉయ్యాలకీ, షష్టిపూర్తికీ అప్పుచేసైనా టోయ్ అనే విందు పెట్టి ఊరందరికీ మాంసం వడ్డించే జనం మేము. ఆ తోక బాగా అమ్ముడుపోతుందని మా డైరెక్టర్ బకాస్ నమ్మకం. మొదటి రెండు వారాలు ట్రేడ్‌మార్క్ ఉన్న వ్యాపారులకు. ఆ తరవాత ఎవరు ముందొస్తే వాళ్ళకు. మామూలు పేరు ఏడాదికి తొమ్మిది వందల సోములు. పదిమందీ ఎగబడే పేరయితే ప్రీమియం, అరవై వేలు.

ఏ పేర్లు ప్రీమియమో తేల్చే పని నాది. వంటవాళ్ళ పేర్లు, హాళ్ళ పేర్లు, గుర్రాల పేర్లు, మనుషుల పేర్లు అన్నీ ఒక్కొక్కటే టైపు చేసి పక్కన ధర వేయాలి. నేను టైపు చేయని పేరుకు కంప్యూటర్ దానంతటది మామూలు ధరే వేస్తుంది. మనుషుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి నా చేయి ఆగింది. బకాస్ గదిలోకి వెళ్ళి చెప్పాను.

"కొన్ని పేర్లు నేను కొట్టను బాబూ. అవి మీరు వేసుకోండి."

"అలాగే అక్కా. ఏవో చెప్పండి, వేసేస్తా."

ఎలా చెప్పను? గుమ్మం దగ్గర నిలబడ్డాను. ఇంతలో ఆయనకు ఫోన్ వచ్చింది. చేత్తో సరే సరే అని సైగ చేశాడు. నేను వచ్చేశాను. తరవాత ఆయన మరిచిపోయాడు. నేను మరిచిపోలేదు గానీ మళ్ళీ అడిగితే మళ్ళీ అదే ప్రశ్న వేస్తాడు కదా అని ఊరుకున్నాను. ఇందులో నా పొరపాటు ఇంతవరకే.

అందరికీ అమ్మకం మొదలైన సోమవారం ఉదయం తొమ్మిదింటికి మామయ్య మా ఆఫీసుకు వచ్చారు. నేను లోపలి గదిలో ఉన్నాను, ఆయన వస్తారని నాకు తెలియదు. ఆయన వయసు డెబ్బై ఆరు. నరీన్ రూటులో ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపారు. తెల్ల కల్పక్ టోపీ పెట్టుకుని, చంకలో టీ ఫ్లాస్కు, సంచినిండా బోర్సోకులు, అంటే నూనెలో వేయించిన పిండిముక్కలు, తెచ్చి కౌంటర్ పిల్లలకు పంచారట. మాలో పసిబిడ్డను చూసినా, కొత్త కోడలిని చూసినా, కొత్తది ఏది చూసినా ఏదో ఒకటి చదివించాలి.

"మా కోడలు పనిచేసేచోట కొత్త సరుకు దిగిందంటే చూసి ఊరికే పోతామా? అన్నిటికన్నా చవకది ఏదో ఒకటియ్యండమ్మా," అన్నారట.

"ఏం పేరు కావాలి తాతా?"

"నాదే కొట్టు. నాకు వేరే పేర్లెక్కడివి?"

తొమ్మిది వందలే పడింది. ఆయన వెయ్యి ఇచ్చి, మిగతాది ఆ పిల్లనే ఉంచుకోమని వెళ్ళిపోయారు.

ఫిర్యాదు ఇచ్చిన పెద్దమనిషి ఆ మధ్యాహ్నం వచ్చారు. ఆయనకు ఓష్ బజారు వెనక పెద్ద విందుల హాలుంది. హాలుకు తన పేరే పెట్టుకున్నారు. అది మా మామయ్య పేరే కావడం నా ఖర్మ. ఆయననూ పేరు పెట్టి అనలేను, కాబట్టి హాలు యజమాని అంటాను. ట్రేడ్‌మార్క్ లేక మొదటి రెండు వారాలూ ఆగి, ప్రీమియం ఎంతయినా సరే కొందామని అరవై వేలు జేబులో పెట్టుకుని వచ్చారు. తీరా చూస్తే ధరలు వేసే మనిషి మామగారు దాన్ని తొమ్మిది వందలకు పట్టుకుపోయారు. తనకే లక్షకు అమ్మడానికి ఇద్దరం కూడబలుక్కున్నామన్నారు. ఆయన జాగాలో నేనున్నా అదే అనేదాన్ని.

బకాస్ నన్ను పనికి రావద్దన్నాడు. నేరం రుజువైతే ఉద్యోగం పోతుంది, ఆ పైన కేసు. మామయ్య మూడు రోజులు అన్నం సరిగా ముట్టలేదు. ఫ్లాస్కు కడిగి బోర్లించి పెట్టేశారు. అది నాకు ఉద్యోగం కన్నా బాధ.

ఈరోజు ఉదయం ఇదే గదిలో హాలు యజమాని ఎదుటే, ఆ పేరుకు ప్రీమియం ఎందుకు వేయలేదని అధికారి నన్ను అడిగారు. అది మామయ్య పేరు, అత్తింటి పెద్దల పేర్లేవీ నేను కొట్టనన్నాను. ప్రీమియంలో ఉండాల్సి ఉండీ నేను వదిలేసిన పేర్లు మొత్తం ఆరని బకాస్ రాసిచ్చాడు. ఆ కాగితం చేతిలో పట్టుకుని అధికారి వరండాలో కూర్చున్న మామయ్యను లోపలికి పిలిచారు.

"తాతా, మీ నాన్నగారి పేరు?"

మామయ్య చెప్పారు.

"అన్నదమ్ములు?"

నలుగురి పేర్లూ చెప్పారు. అధికారి ఒక్కో పేరుకూ ఒక్కో గీత పెడుతూ పోయారు. ఆరో గీత మామయ్యది.

"చదువుకున్న మనిషి కంప్యూటర్ ముందు కూర్చుని మామ పేరు కొట్టలేదంటే నమ్మాలా?" అన్నారు హాలు యజమాని. "కథలు చెబుతోంది."

మామయ్య ఆయన వైపు తిరిగారు. "తమ్ముడూ, నీ హాలుకి ఫోన్ చేస్తే ఎవరెత్తుతారు?"

"మా కోడలు. ఏం?"

"ఏమని ఎత్తుద్ది?"

అధికారి అప్పటికే హాలు నంబర్ నొక్కి, ఫోన్ అందరికీ వినపడేలా బల్ల మీద పెట్టారు.

"హలో, మా పెద్దాయన హాలండీ, చెప్పండి."

"ఏ హాలమ్మా?"

"అదేనండీ, బజారు వెనక. బయట బోర్డు మీద పెద్ద అక్షరాలతో రాసుంటుంది చూడండి."

"అందులో ఏం రాసుంటుందో చెప్పమ్మా."

"మీరే వచ్చి చదువుకోండి, మీకు పుణ్యముంటుంది," అని ఆ పిల్ల ఫోన్ పెట్టేసింది.

అధికారి కిటికీ వైపు తిరిగి దగ్గారు. హాలు యజమాని టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "ఏడేళ్ళ నుంచి ఆ పిల్లే ఎత్తుతోంది. ఏనాడూ పట్టించుకోలేదు," అన్నారు. ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానన్నారు. ఆ పేరు ఆయనే తీసుకోవచ్చన్నారు మామయ్య. ధర ఎంతన్నారు హాలు యజమాని. వెయ్యి సోములు, దాంతోపాటు నెలకొక టోయ్‌లో తనకు మంచి మాంసం ముక్క అన్నారు మామయ్య. ఇద్దరూ చేతులు కలుపుకున్నారు.

కాగితం పూర్తి కావాలంటే వివాదంలో ఉన్న పేరు అందులో ఉండాలన్నారు అధికారి. మామయ్య నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

"చెప్పమ్మా. నేనే చెప్పమంటున్నాగా. ఏం తప్పు లేదు."

నోరు తెరిచాను. రాలేదు. భయం వల్ల కాదు, అది రాసుకోండి. నా పెద్దకూతురు పుట్టిన రోజున ఆయన నరీన్ బస్సును ప్రయాణికులతో సహా ప్రసూతి ఆస్పత్రికి తిప్పారు. కిటికీ కింద నిలబడి బస్సంతా పిల్లను చూసి, తలా ఇంత చదివించి మళ్ళీ ఎక్కారు. ఆ రోజు డిపోలో ఆయన పేరు పెట్టి తిట్టని వాళ్ళు లేరు. ఆ పేరు పెట్టి పిలవడానికి ఊరంతా ఉంది. ఆయనకు ఒక్కడే కొడుకు. మామయ్యా అని పిలవడానికి నేనొక్కదాన్నే ఉన్నాను. ఆయనంటే నాకు ప్రాణం. నోరు తెరిస్తే మామయ్యా అనే వచ్చింది.

ఆయన నా తల మీద చెయ్యి వేసి, అధికారి దగ్గర కలం తీసుకున్నారు.

పైన చెప్పినదంతా నేను చూసినది, విన్నది, చేసినది. చదివి వినిపించగా విన్నాను. నిజమేనని ఒప్పుకుని సంతకం చేస్తున్నాను.

(సంతకం) సైరాగుల్ మొల్దొకునోవా

కింద సాక్షి స్వహస్తంతో రాసినది:

మా కోడలు చెప్పిందంతా నిజం. ఆ పిల్ల పలకని పేరు నాదే. కదిర్‌బాయ్.