తెలుగులో పడ్డ పాస్‌వర్డ్

బెల్లంకొండ పక్క ఊళ్లో మాజీ సర్పంచ్ మల్లికార్జునరావు ఇల్లు. ఆయన కంప్యూటర్ ముందున్నాడు, భార్య లీలావతి వంటింట్లో ఉంది. తమ్ముడి కూతురు భవ్య గుంటూరు నుంచి ఫోన్ స్పీకర్‌లో.

"మళ్లీ తప్పంటందమ్మా భవ్యా! కంప్యూటర్లో ఈ లైనక్స్ ఎక్కించిపోయింది నువ్వే, నువ్వే చెప్పు ఏం చెయ్యాలో."

"కంగారు పడకండి పెదనాన్నా. క్యాప్స్ లాక్ లైటు వెలుగుతుందా?"

"లేదు."

"పాస్‌వర్డ్ గుర్తుందిగా?"

"మన జిల్లా పేరేగా! ఇంగ్లీషులో, అన్నీ చిన్న..."

"అయ్యో, పైకి చెప్పకండి!"

"ఇనేదెవరే? మీ పెద్దమ్మేగా. సాయంత్రానికి పాంప్లెట్లు ప్రెస్సుకి పోవాల. రేపటితో నామినేషన్లు ఆఖరు. మీ అమ్మ ఫొటో కూడా ఇందులోనే ఇరుక్కుంది."

"మా అమ్మ ఫొటో ఎందుకు?"

"సర్పంచ్ సీటు ఆడాళ్లకి పడిందిగా. మీ అమ్మని నిలబెడతన్నా. సర్పంచ్ ప్రమీలమ్మ! ఎట్టుంది?"

"అమ్మని అడిగారా?"

"అడిగేదేంది? నేను చెబితే మా మరదలు కాదనుద్దా?"

"సరే... సరే. తెర మీద మీ పేరు కింద, నా పేరు లేదు అన్నట్టు ఇంగ్లీషులో ఒక ముక్క ఉంటుంది. అది నొక్కండి. పేరు కొట్టే గడి వస్తుంది. అందులో పాస్‌వర్డ్ కొట్టండి. అక్కడ చుక్కలు పడవు, అక్షరాలే కనబడతాయి."

"పడతన్నయ్... జో... త... లో... ఇదేందే, తెలుగు!"

"అదీ సంగతి! కీబోర్డు తెలుగులో ఉండిపోయింది. చుక్కల చాటున మీకు తెలియలేదు. పైన మూలన నొక్కి ఇంగ్లీషు పెట్టి, వెనక్కి పోయి మీ పేరు నొక్కి మళ్లీ పాస్‌వర్డ్ కొట్టండి."

"పెట్టా. కొట్టా... ఆ, తెరుచుకుంది! చానా మంచిదానివి తల్లీ... ఆగాగు. నాకు తెలుగు టైపే రాదుగా. ఎవరు మార్చారు? లీలా! ఏమే లీలా!"

"పాలు పొంగుతున్నయ్యండీ!"

"పొంగనీ. కంప్యూటర్ ముట్టుకున్నావా?"

"దుమ్ము తుడిచా."

"దుమ్ము తుడిస్తే తెలుగొచ్చిద్దా? భవ్యా, వచ్చిద్దా?"

"పెదనాన్నా, నాకు మీటింగుంది, ఉంటా..."

"నువ్వుండు! ఏమే, ఏం టైపు చేశావ్?"

"ఉపన్యాసం."

"ఎవరిది?"

"నాదే. నోరు తిరగాలిగా, రాసుకుని చదువుకుంటన్నా. టైపు భవ్యే నేర్పింది."

"పెద్దమ్మా! నా పేరు చెప్పనన్నావుగా!"

"ఉపన్యాసమా? నీకెందుకే ఉపన్యాసం? నాతో ఒక మాట చెప్పొద్దా?"

"మీరు ప్రమీలతో చెప్పారా?"

"అది వేరు! అది... ఇగో, ముందు నన్ను ప్రమీల ఫొటో అతికించనీ. తర్వాత చెబుతా నీ సంగతి."

"ఆ ఫొటో మార్చండి. పొద్దున బెల్లంకొండ పోయి నామినేషన్ వేసొచ్చా. నా పేరు ప్రతిపాదించి సంతకం పెట్టింది ప్రమీలే."