పరాయి ఇంటి గడపరాయి

మునసబు గారి చేలో పాడుబావి ఉంది చూశారూ, దాని దగ్గరికి మన ఊళ్ళో గొడ్లు కూడా నీళ్ళకి పోవు. ఎందుకో ఎవరైనా చెప్పారా మీకు? చెప్పరు. నేను మర్చిపోకముందే చెప్తాను, దగ్గరికి జరగండి.

మా మరిది సుబ్బరామయ్య చీమకుర్తి రాయి వ్యాపారం చేసేవాడు, ఆ నల్లరాయి కొనేవాళ్ళు ఇటలీలో ఉండేవాళ్ళు కాబట్టి ఏటా ఎండాకాలం అక్కడికి పోయేవాడు, హోటలు తిండి పడక మా తోడికోడలు నాంచారిని కూడా తీసుకుపోయి, ఆ కొన్ని నెలలకి మటుకే ఒక పాతింట్లో వాటా అద్దెకి తీసుకున్నాడు. పాతదంటే మన పెంకుటిళ్ళ లాంటి పాత కాదమ్మా, వందల ఏళ్ళది, మెట్లు మనుషుల కాళ్ళకి గిన్నెల్లాగా అరిగిపోయాయిట. తాళం ఇస్తూ ఆ ఇంటి ముసలావిడ గౌను ఎత్తిపట్టుకుని, గడప మీద కాలు పడకుండా ఇంత అంగ వేసి దాటి చూపించి, దాని జోలికి పోవద్దని సైగ చేసిందిట. నాంచారి వింటుందా? ఏ దేశమైనా గడప గడపే, బోసిగా ఎట్లా ఉంచుతామని, ఊరి నుంచి తీసుకుపోయిన పసుపు రాసి బొట్లు పెట్టింది.

ఇంక అప్పట్నించీ గడప దగ్గర్నించి ఇంట్లోకి పచ్చటి అడుగులు. నీ పాదాలేలేవే, తొక్కి నడిచావు అన్నాడు మరిది. నావైతే బయటికి పోయేవి కూడా ఉండాలి కదా అందిట ఇది.

ఆయన రాతి మనిషి కదా, ఇంకో దురద. గడపకి గరుకు వైపు పైకి ఉందంటే నునుపు వైపు కిందుందన్నమాట. మరుసటేడు గునపం వేసి తిరగేశాడు. సమాధి మీది రాయి అది. పడుకున్న ఆడమనిషి బొమ్మ చెక్కి ఉంది. ఇన్నాళ్ళూ మట్టిలో బోర్లా ఉన్న ఆ మొహాన తడి ఆరని కుంకం బొట్టు.

అక్కడే వదిలేసి రావాలా? చెక్కడం చూసి ముచ్చటపడి, దాని బదులు మన నల్లరాయి వేయించి, దీన్ని ఊరికి తెచ్చుకున్నాడు. ముసలావిడ కాదనకపోగా ఆయన చేతులు పట్టుకుని ఏడ్చిందిట. అప్పుడైనా అనుమానం రావద్దూ?

ఇక్కడింటికి దాన్నే గడపగా వేశారు. మరుసటేడు ఎండాకాలం రాగానే, ఇంకా ప్రయాణం కట్టకముందే, నాంచారి నన్ను ఎవరో కొత్తదాన్ని చూసినట్టు చూసింది. కారం ముట్టదు, తెలుగు పలకదు, కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని గడపని అంగ వేసి దాటేది. వానలు పడగానే మామూలైపోయి, అక్కా, నాకు తెలీకుండానే ఆవకాయ పెట్టేశారా అని ఏడ్చింది. వీళ్ళు ఆ రాతి మీది ఆవిడింట్లో కొన్ని నెలలు ఉండొచ్చారు, ఇప్పుడు ఆవిడ నాంచారిలో కొన్ని నెలలు ఉంటోంది.

ఆ తర్వాతేడు వానలు పడ్డా నాంచారి మామూలు కాలేదు. మరిది ఓర్చుకోలేక రాయి పెకిలించి పాడుబావిలో తోయించాడు. తెల్లారేసరికి ఇంట్లోంచి బావి దాకా పచ్చటి అడుగులు, పోయినవే, వచ్చినవి లేవు. నీళ్ళన్నీ తోడించినా మనిషి దొరకలేదు.

ఇప్పటికీ ఎండాకాలం ఆ బావి గట్టు పసుపు పూసినట్టు పచ్చగా ఉంటుంది. ఉండటానికి మళ్ళీ చోటు వెతుక్కుంటోంది ఆ రాతి మీది ఆవిడ. నాకు ఈ మధ్య పేర్లు పోతున్నాయి, మొన్న మా అమ్మ మొహం గుర్తు రాలేదు, లోపల ఒక్కో గదీ ఖాళీ అవుతున్నట్టుంది, అందుకే చుట్టైనా నేను కాలవ దారినే పోతాను. మీరూ అటు పోకండి. ముఖ్యంగా నువ్వు, చిన అంజయ్యా, నీ బుర్రలో బోలెడు చోటుంది.