అమ్మ కంప్యూటర్‌లో అక్కర్లేనివి

అమ్మ వచ్చేలోపు ఆమె పాత కంప్యూటర్‌ని పరుగెత్తించాలని అక్కా తమ్ముడూ ఒకే కుర్చీలో ఇరుక్కుని కూర్చున్నారు. కంప్యూటర్‌ని నడిపించే మూల ప్రోగ్రామైన కెర్నల్‌ని సొంతంగా కంపైల్ చేసి కొత్తగా తయారుచేసుకునే ముందు, అందులో అక్కర్లేనివన్నీ ఏరిపారేస్తున్నారు.

“బ్లూటూత్ ఉంచనా అక్కా?”

“మనకెందుకు? తీసెయ్.”

“జాయ్‌స్టిక్?”

“గడ్డాలొచ్చాయి, ఇంకా ఆటలేంట్రా. తీసెయ్.”

“ఇదేదో హెచ్ఐడీ అట.”

“పేరే తెలియని చుట్టాన్ని ఇంట్లో పెట్టుకుంటామా? తీసెయ్.”

“పాత కెర్నల్?”

“కొత్తది వస్తుంటే పాతదెందుకు? అదీ తీసెయ్.”

కంపైల్ అయింది. కంప్యూటర్ రెప్పపాటులో లేచింది.

“చూశావా, గుర్రం. పాస్‌వర్డ్ కొట్టు.”

“కొడుతున్నా. పడట్లేదు.”

“గట్టిగా కొట్టరా.”

“అక్కా, ఆ హెచ్ఐడీ కీబోర్డుదే అనుకుంటా. వెనక్కెళ్దామంటే పాత కెర్నలూ లేదు.”

పొట్టలు పట్టుకుని నవ్వారు. గేటు చప్పుడైంది.

“నేను తీసెయ్ అంటే తీసేయడమేనా?”

“పుట్టి బుద్ధెరిగాక నీ మాట వినడం ఇదే మొదటిసారి.”