ఊగని జీపు

జాకీ మీద లేచి ఉన్న జీపు కింది నుంచి టైర్ల షాపు బావమరిది బయటికి వచ్చాడు.

"మడ్‌గార్డు అంచు లోపలికి కొట్టినా మలుపు తిప్పితే టైరు రాసుకుంటూనే ఉంది బావా. ఈ కొత్త వీల్స్ ఆఫ్‌సెట్ తేడా. చక్రం రెండు వేళ్లు ఎక్కువ బయటికొచ్చింది."

"మొన్న నువ్వే తిప్పి చూసి బాగుందన్నావు."

"అప్పుడు బండి ఖాళీ. మనుషులెక్కితే ఎంత కిందికి దిగుతుందో చూసుకోలేదు. నాదే తప్పు."

"పాతవే బిగించెయ్."

"అవి మర్నాడే తుక్కులోకి పోయాయి. సరైనవి రావడానికి నెల పడుతుంది."

"ఈ నెలలో మీ అక్కని ఎనిమిదిసార్లు కొండ దింపి ఆసుపత్రికి తీసుకెళ్లాలిరా."

"బండి ఊగితే అక్కకి వాంతులన్నావని చక్రాలు ఎడంగా ఉండేవి వేశాను."

"గోరుచుట్టు మీద రోకటిపోటు."

"మెల్లగా తోలు బావా. అంతకు మించి నాకేం తోచట్లేదు. అక్కకి ఆ రాసుకునే చప్పుడు వినపడుతోందా?"

"అడిగాను. ఏ చప్పుడూ లేదు, మా తమ్ముడు భలే వీల్స్ వేశాడు, బండి అస్సలు ఊగట్లేదు అంది."

"పోన్లే."

"మలుపు వచ్చినప్పుడల్లా మాత్రం నా చొక్కా గట్టిగా పట్టుకుంటోంది."