లాభం దగ్గర లాగాలె

హలో… ఆ, నేనే, శ్రేయను. విశాలన్నా, నువ్వేం చెప్పకు. ముందుగాల నేను చెప్పేది ఇను.

వచ్చేసింది అన్నా… గిటార్ సోలో. మొత్తం… అమ్మతోడు.

…ఏంది?

భరత్‌కిచ్చినవా, నా సోలో? ఎప్పుడు?… పొద్దుగాలనా. మరి ఆయన భూపాలపల్లిల బస్సెక్కిండా?… ఎక్కలే కదా. జర ఆపు.

లేదు, ఏడుస్తలేను. నవ్వుతున్న. ఇందాకటి నుంచి గిట్లనే ఉన్న, ఆగుతలేదు.

నేను తప్పేది ఎక్కడ? చెప్పు… ఆ, గక్కడనే. మొదటి స్వరం. తీగ పైకి లాగి పట్టుకోవాలె, నేను తొందరపడి వదిలేస్తున్న. నీ డ్రమ్ము ఎనకనే ఉంటది, నేను ముందు ఉరుకుత… ఒకటి, రెండు అని లెక్కపెట్టుమన్నవ్. పెట్టిన. ఒకటి అనంగనే వేలు రెండు కాడికి పోతుంది, నేనేం చెయ్యాలె?

ఇయ్యాల ఏమైందంటే… గార్ల ఊర్ల మా దుకాణం చూసినవ్ కదా. ఎనక అర్రల నేను వాయిస్తున్న, ముందట అమ్మ మురమురాలు కొలుస్తుంది… కాంటా కాదు, మురమురాలకు మానికనే. అమ్మ ఒకటి అనదు కదా. లాభం అంటది. లా…భం. మానిక వంచి, ఆఖరి గింజ సంచిల పడేదాక లాగుతది. ఇగ అక్కడి నుంచి రెండు, మూడు, నాలుగు… గబగబ.

ఆమె లాభం అన్నంతసేపు తీగ పట్టుకున్న అన్నా. రెండు అన్నది, దిగిన. వేళ్లు వాటంతట అవే పోయినయి. నాకే భయమైంది.

…అమ్మకా? ఆమెకేం తెల్వది. నేను వాయిస్తే తలెత్తి చూడది. కొలిచేటప్పుడు కరెంటు పోయినా, పక్కల కొట్లాటైనా ఆమె లెక్క తప్పది. ఇగ నా గిటారెంత.

సరే, ఇప్పుడే వాయిస్త. మంచిగ లేకుంటే రేపు జనగామ ప్రోగ్రాంల స్టేజి మీదికి భరత్‌నే ఎక్కించు, నేనేమనను… ఆగు. ఫోన్ పుట్నాల డబ్బ మీద పెడుతున్న. అమ్మ ఇంకో సంచి మొదలుపెడుతుంది…

లా…భం…

…

…

హలో? అన్నా, ఇన్నవా?… ఎట్లుంది?

…మళ్లొకసారి చెప్పు.

…భరత్‌ను రావద్దంటవా? ఎందుకు, రానియ్. ముందు వరుసల కూసోని ఇంటడు… నవ్వకు. నువ్వు నవ్వితే నాకు మళ్ల మొదలైతది…

ఒక్క నిమిషం, అమ్మ పిలుస్తుంది. ఏందే?… ఎన్నయినయని నన్నడుగుతవేంది? కొలిచేది నువ్వు…

అన్నా.

మా అమ్మ లెక్క తప్పింది.

…ఒట్టు. మానిక చేతులనే ఉంది. నా దిక్కే చూస్తుంది… కొనొచ్చినాయన నవ్వుతుండు. సంచి గుమ్మరించి మళ్ల లాభం కాడి నుంచి కొలవాల్నట.

ఉంట అన్నా. పోయి సంచి పట్టుకోవాలె.