కిటికీకి కట్టిన జెండా

నవ్వకు బావా. ముందు ఆ నవ్వాపి విను. నాలో ఉన్న ఒకే ఒక్క సుగుణం నీకు తెలుసుగా, ఏ ఊళ్ళో అడుగుపెట్టినా ముందు దాని చరిత్ర చదివేస్తాను. డిగ్రీ తప్పినవాణ్ణే, కాదనను. కానీ ఈ ఐర్లండ్ సరిహద్దు సంగతి నన్నడుగు! పంతొమ్మిదివందల ఇరవై ఒకటిలో గీత గీశారు. గీతకి అటు ఐర్లండ్, వేరే దేశం. ఇటు ఈ ఉత్తరపు ముక్కలో మనం, అంటే బ్రిటన్. ముప్పై ఏళ్ళు బాంబులు, తుపాకులు, మూడున్నర వేల ప్రాణాలు. తొంభై ఎనిమిదిలో రాజీ. ఇప్పుడు ప్రభుత్వంలో అటు కలుద్దామనేవాళ్ళకీ, బ్రిటన్‌లోనే ఉందామనేవాళ్ళకీ చెరో పెద్ద కుర్చీ. ఒకరు అలిగి లేస్తే రెండోవాళ్ళూ దిగాల్సిందే. నేనూ మీ చెల్లీ కాపురం చేస్తున్నట్టే అనుకో.

ఇదంతా నేను పనిచేసే వృద్ధుల కేర్ హోమ్‌లో టీ బ్రేకుల్లో అందరికీ చెప్పాను కూడా. ఇక్కడే పుట్టి, ఇక్కడే అన్నదమ్ముల్ని పోగొట్టుకున్నవాళ్ళకి! పాపం మర్యాదస్తులు, విన్నారు.

మరి ఇంత తెలిసినవాణ్ణి, నువ్వు అక్కడెక్కడో ఇంగ్లండులో, హారోలో కూర్చుని "ఆగస్టు పదిహేను, అందరూ ఇంటికి జెండా కట్టి గ్రూపులో ఫొటో పెట్టండి" అనగానే ఎందుకు కట్టాను? చెప్పు?

కిటికీ సన్నం బావా. అడ్డంగా పట్టక నిలువుగా వేలాడదీశాను. గాలికి నడుం దగ్గర ముడుచుకుంది. చక్రం కాస్తా మడతలోకి పోయింది. ఇంకేం మిగిలింది? నిలువు చారల్లో ఆకుపచ్చ, తెలుపు, కాషాయం. ఆఁ, అదే! గీతకి అవతలి దేశం జెండా!

కట్టింది ఏ వీధిలో? ఫుట్‌పాత్ అంచులకి కూడా ఎరుపు, తెలుపు, నీలం రంగులేసుకున్న వీధిలో. ప్రతి స్తంభానికీ బ్రిటన్ జెండా ఉన్న వీధిలో.

మూడింటికి కిటికీకి ఏదో తగిలింది. రాయి కాదులే, కోడిగుడ్డు. తుడుద్దామని బయటికి వెళితే ఎదురుగోడ దగ్గర ముగ్గురు. చేతులు కట్టుకుని మా ఇంటివైపే చూస్తున్నారు. అప్పుడు తలెత్తి జెండా చూసుకున్నాను. నేను చదివిన పేజీలన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి, కాలిన ఇళ్ళ ఫొటోలతో సహా.

పోలీసులకి ఫోనా? చేద్దామనే అనుకున్నా. చేశాక మళ్ళీ ఈ వీధిలోనే బతకాలి కదా? మీ చెల్లికి హాస్పిటల్లో ఎనిమిదింటిదాకా డ్యూటీ. నా పిల్ల సంజన నా చొక్కా పట్టుకుని నిలబడింది.

ఇంతలో బెల్లు మోగింది.

ఎదురింటి ముసలాయన. వాళ్ళు పంపారో, ఆయనే వచ్చాడో. సంజన పుట్టినరోజు కేకు ఇస్తే రెండు చేతులా అందుకున్న మనిషి. "ఎవరి జెండా అది?" అన్నాడు. మెల్లగానే అడిగాడు.

ఏముంది? మాది, ఇండియాది అంటే అయిపోయేది. మడత విప్పి చక్రం చూపిస్తే అయిపోయేది.

నేనేమన్నానో తెలుసా? "జెండా కాదండీ, దుప్పటి. ఆరేశాను" అన్నాను.

ఇప్పుడు కూడా నవ్వుతు... నవ్వడం లేదా? సరే.

ఆయన పైకి చూశాడు, నావైపు చూశాడు. "వానొచ్చేలా ఉంది, లోపలికి తీసుకో" అన్నాడు. వెళ్ళి వాళ్ళతో ఏదో చెప్పాడు. ఇద్దరు వెళ్ళిపోయారు. ఒకడు మాత్రం ఇంకా ఉన్నాడు. పరదా సందులోంచి కనిపిస్తున్నాడు. అందుకే టీవీ ఆపేశాను. అందుకే ఈ గుసగుసలు.

వాడికి భయపడటం లేదనను. పడుతున్నాను. కానీ జెండా మడిచి బీరువాలో దాస్తుంటే సంజన ఏమందో విను. "బట్ డాడీ, యూ సెడ్ ఇట్స్ అవర్స్" అంది. పొద్దున ఇద్దరం కలిసే కట్టాం బావా. పక్కన నిలబెట్టి దాని చేత సెల్యూట్ కూడా కొట్టించాను.

ఇక్కడి వందేళ్ళ చరిత్ర తేదీలతో సహా చెప్పగలను. గుమ్మంలో ఒక మనిషి నిలబడి ఎవరిదని అడిగితే, నోరు పెగల్చుకుని మాది అనడం మాత్రం నాకింకా రాలేదు.